హీరో బండి దిగి... దారి బండి ఎక్కాను!

మోటారు సైకిలు అనగానే మీ కళ్ళముందు ఏం మెదులుతుంది? గేర్లూ, క్లచ్చీ, పెట్రోలు ఖర్చూ మెదలవు. ఎవరో ఒక హీరో మెదులుతాడు! సీటు కిందకి, హాండిల్ పైకి, కాళ్ళు ముందుకి చాచి, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని, ఎండలో తళతళలాడే బండి మీద నిదానంగా వస్తూ వుంటాడు. హాలు దద్దరిల్లిపోతుంది. ఈలలు... కాగితం ముక్కలు...

ఆ ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మోజుతోనే పదకొండేళ్ళపాటు క్రూజర్ నడిపాను. ఇప్పుడు దాన్ని అమ్మేసి, ఎత్తుగా, నిటారుగా, ముందు చక్రం పైన ముక్కులాంటి రేకుతో వుండే పెద్ద అడ్వెంచర్ టూరింగ్ బండి తెచ్చుకున్నాను. "అంత అందమైన బండి అమ్మేసి, ఈ కొంగని తెచ్చావేమిట్రా?" అని అడగని స్నేహితుడు లేడు. వాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ చెబుతున్నాను. నా బండ్ల పేర్లు మాత్రం అడక్కండి. ఒకరిని పొగిడినట్టు, ఇంకొకరిని తెగిడినట్టు వుంటుంది!

కెమెరాకి నచ్చిన బండి

క్రూజర్ పిచ్చి మన ఒక్కరిదే కాదు. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' ప్రపంచం మొత్తానికీ ఆ పిచ్చి అంటించింది. డెన్నిస్ హాపర్ దర్శకత్వం వహించి, పీటర్ ఫోండాతో కలిసి నటించిన ఆ చిత్రంలో ఫోండా నడిపే బండి పేరు 'కెప్టెన్ అమెరికా'. అమెరికా జెండా రంగులు వేసిన ట్యాంకు, బారెడు పొడుగు ముందు ఫోర్కు. నిజానికి అది వేలంలో కొన్న పాత పోలీసు హార్లే! దాన్ని అలా తీర్చిదిద్దిన నల్లజాతి పనివాళ్ళు క్లిఫ్ వాస్, బెన్ హార్డీల పేర్లు చాలా ఏళ్ళపాటు లోకానికి తెలియనే తెలియవు. పోస్టరెక్కినది బండి, దాని మీద కూర్చున్నవాడు. అంతే!

ఆ బండికి ముందు బ్రేకు లేదంటే నమ్ముతారా? అందానికి అడ్డమని పెట్టలేదు. అంటే అది కెమెరా కోసం పుట్టిన బండి. కెమెరాకి పొడుగూ, పల్లమూ, మెరుపూ కావాలి. హీరో ముఖం కనబడాలి. క్రూజర్ ఇవన్నీ ఇస్తుంది. నిటారుగా, నున్నగా, మైళ్ళకొద్దీ సాగే అమెరికా రోడ్ల మీద కాళ్ళు చాపుకుని పోవడానికి ఇంతకంటే సుఖమైన కుర్చీ లేదు కూడా. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

మరి మన రోడ్లో?

తీగలు లేని రోడ్డు

1991లో వచ్చిన 'టెర్మినేటర్ 2'లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ హార్లే ఫ్యాట్ బాయ్ మీద ఎక్కడో పైనుంచి కాంక్రీటు కాలువలోకి దూకుతాడు, గుర్తుందా? నేను ఆ దృశ్యం కోసమే సినిమా ఎన్నిసార్లు చూశానో! ఆ రహస్యం తర్వాత తెలిసింది. బండినీ, స్టంటు మనిషినీ తీగలతో వేలాడదీసి దింపారట. ఆ తీగల్ని తర్వాత కంప్యూటర్‌తో చెరిపేశారట. తప్పేముంది? 300 కిలోల బండి అంత ఎత్తునుంచి దబ్బున పడితే బండీ మిగలదు, మనిషీ మిగలడు!

దానికి ముందు, 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్'లో కూడా ముళ్ళకంచె మీదుగా మోటారు సైకిలు దూకుతుంది. అక్కడ దూకినవాడు స్టీవ్ మెక్‌క్వీన్ కాదు, ఆయన మిత్రుడు బడ్ ఎకిన్స్. కాని దూకడం మాత్రం నిజం. కథ ప్రకారం అది జర్మన్ సైన్యం బండి. అసలు సంగతేమిటంటే, జర్మన్ వేషం వేసిన బ్రిటిష్ ట్రయంఫ్ ట్రోఫీ అది. మట్టిదారులకి తట్టుకునే జాతి బండి కాబట్టే దూకగలిగింది.

ఈ రెండు దృశ్యాల మధ్య తేడాయే నా కథ! తెర మీద ఏ బండయినా ఎగురుతుంది. రోడ్డు మీద మనల్ని పట్టుకునే తీగలు వుండవు.

నాకీ సంగతి మారేడుమిల్లిలో బాగా బోధపడింది. 2021లో వచ్చిన 'పుష్ప' చిత్రాన్ని ఆ అడవుల్లో తీశారని మీకు తెలుసు. హైదరాబాదు నుంచి ఖమ్మం, భద్రాచలం, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డెక్కి వెళ్ళాం, నేనూ మా ఆవిడానూ. తారురోడ్డు వున్నంతసేపూ నా క్రూజర్ మహారాజులా నడిచింది. బొంగు చికెన్ తిన్నాం. లోపలికో మట్టిదారి కనిపించింది. లారీలు తిరిగి తిరిగి గాళ్ళు పడ్డ దారి. పది గజాలు వెళ్ళామో లేదో, బండి కడుపు రాయికి తగిలి 'ఖంగు'మంది. మా ఆవిడ దిగిపోయింది. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు పాత చిన్న బండి మీద, మధ్యలో బియ్యం బస్తా పెట్టుకుని, మాటలాడుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు!

నడుము మాట

తిరిగొచ్చాక మూడు రోజులు నడుం ఎత్తలేకపోయాను. మా వీధి మెకానిక్ పెద్దమనిషి. బండి కడుపున పడ్డ సొట్ట చూసి, నన్ను చూసి అన్నాడు.

"బాబూ, దానికి కిందా సొట్టే, నీకూ కిందా సొట్టే! దాని కాళ్ళు పొట్టివి, నీ కాళ్ళకేమో పని లేదు."

ఆ మాటలో వైద్యశాస్త్రం అంతా వుంది. క్రూజర్ మీద పాదాలు ముందుకి చాపి వుంటాయి. ఒంటి బరువంతా వెన్నుపూస చివర మీద పడుతుంది. గుంత రాగానే లేచి నిలబడదామంటే కాళ్ళు ఒంటి కింద లేవాయె! పైగా బండి కిందకి వుండాలంటే వెనక స్ప్రింగు ఆడేందుకు ఎక్కువ జాగా ఇవ్వరు. అంచేత గుంత దెబ్బలో స్ప్రింగు మింగింది మింగగా, మిగతాది నేరుగా వెన్నుకి చేరుతుంది.

అడ్వెంచర్ బండి మీద పాదాలు సరిగ్గా తుంటి కింద వుంటాయి. గతుకు రాగానే సగం లేస్తే చాలు, మోకాళ్ళే స్ప్రింగులవుతాయి. గుర్రం స్వారీ చేసేవాడు రికాబుల మీద లేచినట్టన్నమాట. పేరున్న జర్మన్ బండి బి.ఎమ్.డబ్ల్యూ. ఆర్ 1250 జి.ఎస్. సంగతే తీసుకోండి. దాని చక్రాలు పైకీ కిందకీ 190 నుంచి 200 మిల్లీమీటర్ల వరకూ ఆడతాయి. అంటే రమారమి ఎనిమిది అంగుళాలు!

ఇసుకలో గెలిచిన జాతి

ఈ జాతికి మూలపురుషుడు కూడా ఆ ఇంటివాడే. 1980లో బి.ఎమ్.డబ్ల్యూ. వారు ఆర్ 80 జి/ఎస్ అనే బండి తెచ్చారు. 'జి' అంటే జర్మన్ భాషలో 'గెలెండె', మిట్టపల్లాల నేల. 'ఎస్' అంటే 'స్ట్రాసె', రోడ్డు. రెండింటికీ పనికొచ్చే 800 సీసీ బండి అంటే అప్పట్లో నవ్వారు. అంత పెద్ద ఇంజను మట్టిలోకా అని! మరుసటి ఏడే, 1981లో, యూబెర్ ఓరియోల్ అనే ఫ్రెంచివాడు ఆ జాతి బండి మీదే సహారా ఎడారి దాటి పారిస్-డకార్ పందెం గెలిచాడు. నవ్వులు ఆగిపోయాయి.

సినిమావాళ్ళకి ఈ బండి గాలి సోకింది 2004లో. 'స్టార్ వార్స్'లో ఓబీ-వాన్‌గా వేసిన ఇవాన్ మెక్‌గ్రెగర్, దర్శకుడు జాన్ బూర్మన్ కొడుకు చార్లీ బూర్మన్, ఇద్దరు నటులూ కలిసి లండన్ నుంచి తూర్పుగా బయలుదేరారు. రష్యా, కజకిస్తాన్, మంగోలియా, సైబీరియా దాటి, అలాస్కా మీదుగా న్యూయార్క్ చేరారు. 'లాంగ్ వే రౌండ్' పేరుతో అది టీవీలో వచ్చింది. మేకప్పూ లేదు, డూపూ లేదు. బురదలో బండి పడితే తనే ఎత్తుకోవాలి. హీరో ఏడవడం కూడా కెమెరా చూసింది! ఆ తరవాతే ఈ ఎత్తు బండ్లకి లోకమంతా గిరాకీ పెరిగింది.

ఆఖరికి క్రూజర్లకి పెట్టింది పేరయిన హార్లే డేవిడ్‌సన్ వారే 2021లో 'పాన్ అమెరికా' అనే 1250 అడ్వెంచర్ బండి దింపారు. పొట్టివాళ్ళ కోసం అందులో ఒక కిటుకు పెట్టారు. బండి ఆగబోతుంటే దానంతటదే కొంచెం కిందకి దిగుతుంది. బస్సు మెట్టు దగ్గర కండక్టరు చెయ్యందించినట్టు!

మునివేళ్ళ మీద ముప్పు

ఇక నా పాట్లు వినండి. నేను 5 అడుగుల 6 అంగుళాల మనిషిని. ఫ్యాట్ బాయ్ లాంటి క్రూజర్ సీటు నేల నుంచి 26 అంగుళాల దగ్గర వుంటుంది. జి.ఎస్. లాంటివి 33 దాటతాయి. నిన్నటిదాకా రెండు పాదాలూ నేలకి ఆన్చి నిలబడ్డవాణ్ణి, ఇవాళ మునివేళ్ళ మీద! ఎర్రలైటు దగ్గర ఎడమకాలు దింపాలా, కుడికాలు దింపాలా అని ముందే ఆలోచించుకోవాలి. రోడ్డు ఎటు వాలి వుందో చూసుకోవాలి.

"క్రూజరూ బరువే, ఇదీ బరువే. తేడా ఏమిటి?" అంటారేమో. నిండు బిందె చంకన పెట్టుకోవడానికీ, నెత్తిన పెట్టుకోవడానికీ వున్న తేడా! కదులుతున్నంతసేపూ పావు టన్ను బండి దూదిపింజలా వుంటుంది. ఆగినప్పుడు కాస్త ఒరిగిందా, ఇక దాన్ని ఆపేవాడు లేడు.

అందుకే ఒక శిక్షకుడి దగ్గర చేరాను. మొదటి పాఠం ఏమిటో తెలుసా? నడపడం కాదు, ఎత్తడం! మైదానంలో బండిని పడుకోబెట్టి, "లేపండి సార్" అన్నాడు. ముందు ఇంజను ఆపాలి. బండి దొర్లకుండా గేరులో వుంచాలి. కుడివైపు పడితే ఎత్తకముందే స్టాండు దింపి వుంచాలి. లేకపోతే అటువైపు పడిపోతుంది. హాండిల్ తిప్పేసి, బండికి వీపు ఆన్చి, గుంజీ తీసినట్టు కూర్చుని, ఒక చెయ్యి హాండిల్‌కీ, ఒక చెయ్యి వెనక కడ్డీకీ వేసి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. నడుముతో ఎత్తకూడదు, తొడలతో ఎత్తాలి. నాలుగోసారికి లేచింది. తెర మీద విలన్లని విసిరేసే హీరోలకి కూడా అంత చెమట పట్టి వుండదు!

తర్వాత నిలబడి నడపడం. మట్టిలో ముందు బ్రేకు వేళ్ళతో తాకినట్టు తాకడం. చూపు గుంతలో కాదు, గుంత దాటాక వున్న దారిలో వుంచడం. ఇప్పటి పెద్ద బండ్లలో వానకి, మట్టికి వేరు వేరు మీటలున్నాయి. అవి చక్రం జారకుండా చూస్తాయి. అయినా నెమ్మదిగా మలుపు తిప్పడం నేర్చుకోనివాణ్ణి ఏ మీటా కాపాడలేదు.

అద్దంలో కుర్రాడు

క్రూజర్ అమ్మిన రోజు సంగతి చెప్పాలి. కొనడానికి వచ్చినవాడికి పాతికేళ్ళు వుంటాయి. ఇంజను చూడలేదు, టైరు చూడలేదు. బండెక్కి, కాళ్ళు చాపి, ఎదురుగా వున్న బట్టల షాపు గాజు తలుపులో తనని తాను చూసుకున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. "అన్నా, ఎంతకిస్తారు?" అన్నాడు.

పదకొండేళ్ళ క్రితం నేనూ అలాగే ఒక గాజు తలుపులో చూసుకున్నాను. నాకు నవ్వూ వచ్చింది, గొంతూ పట్టింది. బేరం ఆడలేకపోయాను. అతను వెళుతుంటే ఆ చప్పుడు వీధి మలుపు దాకా విన్నాను. గుండె దడలాంటి ఆ చప్పుడు కొత్త బండికి లేదు. అది పోయింది. సిగ్నల్ దగ్గర కాలేజీ పిల్లలు తలతిప్పి చూడడం పోయింది. హైదరాబాదు ట్రాఫిక్‌లో రెండు కాళ్ళూ ఆన్చి కూర్చునే నిశ్చింత పోయింది. జేబు కూడా కొంత పోయింది. కొత్త టైర్లూ, సర్వీసూ, విడిభాగాలూ, పక్కన తగిలించుకునే అల్యూమినియం పెట్టెలూ... వాటి ధరలు అడిగి మా ఆవిడ ముందు నా పరువు తియ్యకండి!

మరి వచ్చిందేమిటి? మళ్ళీ మారేడుమిల్లి వెళ్ళాం. అదే మట్టిదారి. పెగ్గుల మీద నిలబడి నెమ్మదిగా నడిపాను. గాళ్ళు దాటాం, రాళ్ళు దాటాం. వాగు అంచున ఆగాం. వెనక నుంచి మా ఆవిడ అంది:

"ఇన్నాళ్ళూ ఎక్కడికి తీసుకెళ్ళినా నాకు మీ వీపు తప్ప ఏమీ కనిపించలేదండీ. ఇవాళే ఊరు కనిపించింది!"

నిజమే. క్రూజర్ వెనక సీటు చిన్న పీట. ఈ బండి మీద వెనకవాళ్ళు ముందువాడి కంటే కొంచెం ఎత్తులో కూర్చుంటారు. నా క్రూజర్ ఊరికి నన్ను చూపించేది. ఈ కొంగ మా ఇద్దరికీ ఊరు చూపిస్తోంది. ఇంతకంటే నా దగ్గర జవాబు లేదు.

ముఖం కనిపించని హీరో

మన సికింద్రాబాదులో 1971లో పుట్టి, 1993లో 'ప్రేమ పుస్తకం'తో తెలుగు తెరకి వచ్చి, తమిళంలో పెద్ద హీరో అయిన అజిత్ కుమార్ గారి సంగతి తెలుసుగా? ఆయన 2022లో జి.ఎస్. బండి మీద లడాఖ్ చుట్టి వచ్చారు. ఆ యాత్రలో మలయాళ నటి మంజు వారియర్ కూడా వున్నారు. ఆమె ఆ దారి చూసి వచ్చి ఊరుకోలేదు. 2023లో తనే ఒక ఆర్ 1250 జి.ఎస్. కొనుక్కున్నారు! 1254 సీసీ, 249 కిలోల బండి. "ఇది మగాళ్ళ బండి" అనేవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవగలరు.

ఆ ఫోటోలు చూస్తే నాకు ఒకటే తోచింది. తల నిండా హెల్మెట్, మోచేతులకీ మోకాళ్ళకీ కవచాలు, ఒళ్ళంతా దుమ్ము. లక్షలమంది గుర్తుపట్టే ముఖం ఎవరికీ కనబడదు! సినిమాలో హెల్మెట్ పెడితే హీరో ముఖం కనబడదని పెట్టరు. రోడ్డు మీద అదే హీరో ముఖం కనబడకపోయినా పరవాలేదని పెట్టుకుంటున్నారు. ఎవరిని అనుకరించాలో మీరే చెప్పండి.

మీకూ మనసయితే...

చదువుతూ చదువుతూ "నాకూ కావాలి" అనుకుంటున్నారా? తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కాస్త ఆగండి. ఒకేసారి 1250 ఎక్కకండి. 136 గుర్రాల శక్తి, పావు టన్ను బరువు మొదటి బండిగా ఎవరికీ మంచిది కాదు. ఈ జాతిలో చిన్నవి మనదేశంలోనే వున్నాయి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 411 సీసీ హిమాలయన్ వచ్చింది. 2019లో హీరో వారి 200 సీసీ ఎక్స్‌పల్స్ వచ్చింది. 2023లో హిమాలయన్ కొత్త రూపం 452 సీసీతో వచ్చింది. వీటి మీద మట్టి నేర్చుకోండి. పడితే లేపగలరు, విరిగితే బాగుచేయించగలరు.

చిన్నబండి అని చిన్నచూపు వద్దు సుమండీ! 'లాంగ్ వే రౌండ్' యాత్రలో మంగోలియాలో కెమెరామన్ గారి పెద్ద బండి మొరాయించింది. ఆయన అక్కడికక్కడ ఒక చిన్న రష్యన్ బండి కొనుక్కుని దాని మీదే బురదంతా దాటాడు. నా మారేడుమిల్లి బియ్యం బస్తా కుర్రాళ్ళు కూడా ఆయన బంధువులే అనుకుంటాను.

కొనేముందు సీటెక్కి ఆగి చూడండి, నడిపి చూడండి, వెనక కూర్చునే వాళ్ళని కూర్చోబెట్టి చూడండి. మీ తిరుగుడంతా నున్నటి రోడ్డు మీదే అయితే, సాయంత్రం చల్లగాలికి నలభై కిలోమీటర్లే అయితే, క్రూజర్ దివ్యంగా వుంటుంది. నిశ్చింతగా కొనుక్కోండి. అద్దంలో చూసుకోండి, ఈల కూడా వేసుకోండి! తారు అయిపోయిన చోట మీ మనసు ఆగకపోతే మాత్రం ఈ కొంగ జాతివైపు రండి.

హెల్మెట్ మాత్రం రెండింటికీ తప్పదు. తలకాయ బాగుంటేనే కదా... వచ్చే శుక్రవారం మొదటి ఆటకి వెళ్ళేది!